సంతుష్టి – సుభరత: వినయపిటక నిదానకథల్లో తృప్తి స్వరూపం

వ్యాససంగ్రహం

బౌద్ధభిక్షువుల జీవనం నుంచి ఆధునికులు తృప్తిని నేర్చుకోవాలనే మాట నేటి వ్యక్తిత్వవికాస రచనల్లో తరచుగా వినిపిస్తోంది. అటువంటి రచనలు తృప్తిని ఎవరికి వారు సాధించుకోవలసిన మానసికస్థితిగా చూస్తాయి. పాలి వినయపిటకంలోని నిదానకథలు మాత్రం దానిని ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ నడుమ ఉండే సంబంధంగా చిత్రిస్తాయి. సంతుష్టితో పాటు పాలి గ్రంథాలు వాడిన ‘సుభరత’ అనే మాటను ఆధారం చేసుకొని కొన్ని నిదానకథలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: వినయపిటకం, నిదానకథ, సంతుష్టి, సుభరత, భిక్షుసంఘం, దానం, ఋణం

ఉపోద్ఘాతం

బౌద్ధ వైరాగ్యం తెలుగు పాఠకునికి ఎక్కువగా కావ్యాల ద్వారానే పరిచయం. సిద్ధార్థుని గృహత్యాగం, అశ్వఘోషుని కావ్యం ఆధారంగా పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు రచించిన ‘సౌందరనందము’లోని నందసుందరుల కథ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. ఇటువంటి కథల్లో పాఠకుని మనస్సును పట్టుకొనేది విడిచివెళ్లే ఘట్టం. ఇల్లు విడిచినవాడు మరునాడు ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు, చినిగిన చీవరాన్ని ఎప్పుడు కుట్టుకున్నాడు అన్న విషయాలు కావ్యవస్తువులు కావు. ఆ మరునాటి సంగతులన్నీ వినయపిటకంలో ఉన్నాయి.

వినయపిటకాన్ని నియమావళిగా మాత్రమే చదివితే అది విసుగు పుట్టిస్తుంది. పాలి సంప్రదాయంలో భిక్షువులకు 227, భిక్షుణులకు 311 శిక్షాపదాలున్నాయి. అయితే ప్రతి శిక్షాపదానికీ ముందు ఒక నిదానకథ ఉంటుంది. ఎవరో ఒక భిక్షువు ఏదో ఒక పని చేస్తాడు. అది చూసినవారు గొణుగుతారు, నిందిస్తారు. ఆ మాట బుద్ధుని చెవిన పడుతుంది. ఆయన విచారించి, మందలించి, నియమం విధిస్తాడు. ఈ చట్రం వందలసార్లు పునరావృతమవుతుంది. కథను కదిలించే శక్తి ఇందులో ఎక్కడున్నదనేది విమర్శకుడు గమనించవలసిన అంశం. చాలా కథల్లో అది భిక్షువు మనస్సులోని తృష్ణ కాదు, వీధిలోని గృహస్థుని ఫిర్యాదు. సాధకుని అంతరంగం గురించి ఈ కథలు చెప్పేది తక్కువ. అతనికి అన్నం పెట్టే ఇల్లాలు, బట్ట ఇచ్చే నేతగాడు, పాత్ర చేసే కుమ్మరి ఏమనుకున్నారో చెప్పేది ఎక్కువ.

రెండు మాటలు

బుద్ధుడు మందలించే సందర్భాల్లో ఒక స్థిరమైన పదావళి కనిపిస్తుంది. దుర్భరత, దుష్పోషత, అత్యాశ, అసంతుష్టి అనేవి నిందకు పాత్రమవుతాయి. సుభరత, సుపోషత, అల్పేచ్ఛ, సంతుష్టి ప్రశంసకు పాత్రమవుతాయి. మెత్తసుత్తం కూడా సాధకుని గుణాలను పేర్కొనేటప్పుడు సంతుష్టుణ్ణి, సుభరుణ్ణి పక్కపక్కనే నిలిపింది.

సుభర శబ్దానికి మూలం ‘భృ’ ధాతువు. తెలుగులో భారం, భరించు, భర్త అనే మాటలు ఆ కుటుంబానివే. సుభరుడంటే తేలికగా భరించదగినవాడు, పోషించేవారికి బరువు కానివాడు. తృప్తి అనే మాటకు తెలుగు వాడుకలో భోజనంతో దగ్గర సంబంధం ఉంది. విస్తరి ముందు నుంచి లేచినవాడు ‘తృప్తిగా తిన్నాను’ అంటాడు. అది తిన్నవాడు చెప్పవలసిన మాట. సుభరత వడ్డించినవారు చెప్పవలసిన మాట. ఒకడు తాను సంతుష్టుడనని తానే ప్రకటించుకోగలడు గాని, సుభరుడవునో కాదో అతణ్ణి పోషించేవారు తేల్చాలి. వినయకథలు సంతుష్టిని సుభరతతో జతచేసినందువల్ల తృప్తికి బయటి సాక్షి ఏర్పడ్డాడు. ఆధునిక వ్యాఖ్యానాల్లో జారిపోయినది ఈ సాక్షే.

ఆళవిలో ఆవులు

సంఘాదిసేస విభాగంలోని ఆరవ నియమం కుటీరనిర్మాణానికి సంబంధించినది. ఆళవిలోని భిక్షువులు దాతలు లేకుండా, కొలత లేకుండా, తమ కోసం తామే కుటీరాలు కట్టుకోసాగారు. కట్టడానికి కావలసినదంతా యాచనే. మనిషిని ఇవ్వండి, ఎద్దును ఇవ్వండి, బండి ఇవ్వండి, గొడ్డలి ఇవ్వండి, గడ్డి ఇవ్వండి అని రోజూ అడుగుతుంటే జనం విసిగిపోయారు. భిక్షువు కనిపిస్తే తలుపులు మూశారు, మరో దారి పట్టారు. చివరికి ఆవులను చూసి కూడా భిక్షువులనుకొని పరుగెత్తారు.

ఆవులను భిక్షువులుగా ఎందుకు భ్రమించారో కథ వివరించదు. చీవరం రంగు కావచ్చు, నింపాదిగా నడిచే తీరు కావచ్చు. వివరణ లేకపోవడమే ఆ హాస్యానికి బలం. ఒక మతసంస్థ తన ధర్మగ్రంథంలో తన సభ్యుల గురించి ఇంత వెటకారాన్ని భద్రపరచుకోవడం విశేషం.

ఈ సందర్భంలోనే బుద్ధుడు మణికంఠ నాగరాజు కథ చెబుతాడు. గంగాతీరంలో ఇద్దరు ఋషులు, అన్నదమ్ములు. నాగరాజు రోజూ నది నుంచి వచ్చి తమ్ముణ్ణి చుట్టుకొని, తలపై పడగ పట్టి నిలిచేవాడు. తమ్ముడు భయంతో చిక్కిపోయాడు. నాగుని కంఠంలో ఉన్న మణిని అడగమని అన్న సలహా ఇచ్చాడు. తమ్ముడు వరుసగా మూడు రోజులు అడిగాడు. నాగరాజు వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. కథ అక్కడితో ఆగి ఉంటే అడిగితే ఎవరైనా దూరమవుతారనే లౌకికనీతిగా మిగిలేది. కాని ఆ అందమైన నాగుడు కనిపించక తమ్ముడు మునుపటికన్నా చిక్కిపోయాడని కథకుడు చేర్చాడు. వదిలించుకోవాలనుకున్నవాని కోసమే కృశించడం అనే ఈ మలుపు, యాచన తెంచేది వస్తువుతో ఉన్న సంబంధాన్ని కాదని, మనిషితో ఉన్న సంబంధాన్నని పట్టిచూపుతుంది. కథల తరువాత వచ్చిన నియమం మాత్రం అతి పొడిగా ఉంటుంది. సొంతానికి యాచించి కట్టుకొనే కుటీరం లోపలి పొడవు 12 జానలు, వెడల్పు 7 జానలు మించరాదు. స్థలాన్ని తోటి భిక్షువులకు చూపించి ఆమోదం పొందాలి. ‘ఉన్నదానితో సరిపెట్టుకో’ అనే ఉపదేశం ఇందులో లేదు. కొలత ఉంది, ఆ కొలతను పరిశీలించే నలుగురు ఉన్నారు.

వెల్లుల్లి పొలం

భిక్షుణీ పాచిత్తియాల్లో మొదటిది వెల్లుల్లికి సంబంధించినది. శ్రావస్తిలో ఒక ఉపాసకుడు భిక్షుణులకు వెల్లుల్లి ఇస్తానన్నాడు. వచ్చిన ప్రతి భిక్షుణికీ రెండు మూడు గడ్డలు ఇమ్మని పొలం కాపరికి చెప్పాడు. ఒక పండుగ రోజున ఇంట్లో వెల్లుల్లి అయిపోవడంతో భిక్షుణులను పొలానికి వెళ్లమన్నారు. థుల్లనంద అనే భిక్షుణి మితం తెలియక విపరీతంగా పట్టించుకుపోయింది. పొలం కాపరి గొణిగాడు. బుద్ధుడు ఆమె పూర్వజన్మకథ చెప్పాడు. మరణించిన బ్రాహ్మణుడొకడు బంగారు ఈకల హంసగా పుట్టి, తన కూతుళ్లకు ఒక్కొక్క ఈక ఇస్తూ వచ్చాడు. నాటి జన్మలో అతని భార్యయైన థుల్లనంద ఆశపడి హంసను పట్టి ఈకలన్నీ పీకింది. మళ్లీ మొలిచిన ఈకలు తెల్లవి.

తెలుగు పిల్లలు పాఠ్యపుస్తకాల్లో చదువుకొనే బంగారు గుడ్ల బాతు ఈ కథకు దగ్గరి చుట్టం. కాని రెండింటి దృష్టి వేరు. బాతు చచ్చిపోతుంది, యజమాని లాభం పోగొట్టుకుంటాడు. అది తెలివితక్కువ వ్యాపారి కథ. ఇక్కడ హంస చావదు. అది ఆ ఇంటి తండ్రి, తనంతట తాను ఇస్తున్నవాడు. ఇచ్చేది లాక్కొనేదిగా మారిన క్షణంలో బంగారం తెలుపైంది.

కథ బాగున్నా నియమం విషయంలో విమర్శకు తావుంది. ఒక భిక్షుణి అతికి భిక్షుణీసంఘమంతా వెల్లుల్లికి దూరమైంది. భిక్షువుల విషయంలో అదే వెల్లుల్లి దుక్కటం అనే చిన్న దోషం కాగా, భిక్షుణులకు అంతకన్నా పెద్దదైన పాచిత్తియమైంది. భిక్షుణీ నియమాల్లో ఎక్కడ దోషం జరిగినా థుల్లనంద పేరు తరచుగా ముందుకు రావడం కూడా అనుమానించదగినదే. తృప్తిని గురించిన ధర్మశాస్త్రం సైతం స్త్రీలపై బరువును కాస్త ఎక్కువగానే మోపింది.

చివరి పాత్ర

సుభరత అనే భావన అత్యంత స్పష్టంగా కనిపించేది నిస్సగ్గియ నియమాల్లో 22వదైన భిక్షాపాత్ర నియమంలో. ఒక కుమ్మరి భిక్షువులకు పాత్రలు ఇస్తానని మాట ఇచ్చాడు. చిన్నపాత్ర ఉన్నవారు పెద్దది అడిగారు. పెద్దది ఉన్నవారు చిన్నది అడిగారు. అందరికీ పాత్రలు చేస్తూ కూర్చున్న కుమ్మరికి అమ్మకానికి కుండలు చేసే తీరిక లేకపోయింది. బతుకు గడవక భార్యాబిడ్డలు అవస్థపడ్డారు. జనం నిందించారు.

అప్పుడు వచ్చిన నియమం ప్రకారం ఐదు అతుకులు పడని పాత్ర ఉండగా కొత్తది సంపాదించరాదు. సంపాదించినవాడు దానిని సంఘం ముందు విడిచిపెట్టాలి. తరువాతి తతంగం ఆసక్తికరమైనది. సంఘమంతా తమ తమ పాత్రలతో సమావేశమవుతుంది. ఆ కొత్తపాత్రను పెద్దభిక్షువు ముందు ఉంచుతారు. ఇష్టమైతే తీసుకొని తన పాతదాన్ని ఇస్తాడు. ఆ పాతది తరువాతివాని ముందుకు వెళ్తుంది. అలా వరుస చివర మిగిలిన పాత్ర తప్పు చేసినవానికి దక్కుతుంది. పగిలేదాకా దానినే వాడుకోవాలి.

ఇందులో వస్తుత్యాగం లేదు, కొత్తపాత్రను ఎవరూ పారవేయలేదు. అది ఒకరికి అందింది, అతని పాతది మరొకరికి అందింది, అందరిలోకీ నాసిరకం పాత్ర అత్యాశపడినవాని చేతికి వచ్చింది. బంగారం, వెండి పుచ్చుకొన్నవాని విషయంలోనూ ఇదే పద్ధతి. వాటిని విడిచిపెట్టాక ఉపాసకుడెవరైనా వాటితో నెయ్యో నూనెయో తెచ్చిస్తే అందరూ వాడుకోవచ్చు, పుచ్చుకొన్నవాడు తప్ప. తెచ్చేవారు లేకపోతే ఒక భిక్షువును నియమించి, పడిన చోటు గుర్తుపెట్టుకోకుండా పారవేయిస్తారు.

ఐదువందల బట్టలు

తృప్తి అంటే తక్కువ వస్తువులు కలిగి ఉండడమేనన్న అభిప్రాయానికి చుల్లవగ్గంలోని ఆనందుని కథ గట్టి సమాధానం. బుద్ధుని పరినిర్వాణానంతరం ఆనందుడు కౌశాంబికి వెళ్లాడు. ఉదేన రాజు అంతఃపురస్త్రీలు అతనికి 500 ఉత్తరీయాలు దానం చేశారు. రాజుకు కోపం వచ్చింది. ఈ శ్రమణుడు బట్టల దుకాణం పెడతాడా అని అనుమానించి, ఇన్ని ఏం చేసుకుంటావని అడిగాడు. చీవరాలు చినిగినవారికి పంచుతానన్నాడు ఆనందుడు. రాజు విడిచిపెట్టలేదు. మరి ఆ చినిగినవి? దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు? పరుపుల గలీబులు. పాత గలీబులు? నేలపై పరచుకొనే బట్టలు. అవి పాతబడితే కాళ్లు తుడుచుకొనే గుడ్డలు, ఆపై దుమ్ము దులిపే గుడ్డలు. ఆ పీలికలను నరికి మట్టితో కలిపి నేల అలుకుతారు. రాజు సంతోషించి మరో 500 బట్టలు ఇచ్చాడు.

పాత నేతచీరను బొంతగా కుట్టి, బొంత చినిగాక మసిగుడ్డగా వాడిన తెలుగిళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. కథాదృష్టిలో 500 అనే సంఖ్య తప్పు కాదు. ఆనందుడు దానాన్ని నిరాకరించి తన నిరాడంబరతను చాటుకోలేదు. రాజు పరీక్షించినది బట్ట చివరకు ఎక్కడికి చేరుతుందన్న విషయాన్ని. ఇంట్లో వస్తువులు లెక్కపెట్టి తగ్గించుకొనే నేటి మితవాద జీవనశైలి, తీసివేసిన వస్తువు ఎవరి వాకిట చెత్తగా పడుతుందో సాధారణంగా అడగదు. ఉదేనుడు అడిగాడు.

కాఠిన్యానికీ తృప్తికీ తేడా

భిక్షువులందరూ జీవితాంతం అడవిలోనే ఉండాలి, భిక్షాన్నమే తినాలి, పారవేసిన గుడ్డలే కట్టాలి, చెట్టుకిందే నివసించాలి, చేపలు మాంసం ముట్టరాదు అని దేవదత్తుడు ఐదు నిబంధనలు కోరాడు. బుద్ధుడు వాటిని తప్పనిసరి చేయడానికి అంగీకరించలేదు. సంఘభేదానికి ఆయుధమైనది భోగం కాదు, ఈ అతినిష్ఠ. బుద్ధఘోషుని వ్యాఖ్యానసంప్రదాయం సంతోషాన్ని మూడు విధాలుగా చెప్పింది: లభించినదానితో, శక్తికి తగినదానితో, తనకు ఉచితమైనదానితో. జబ్బుపడిన భిక్షువు బరువైన చీవరాన్ని తేలికైనదానితో మార్చుకొన్నా అతని సంతుష్టికి లోపం రాదు. అంగుత్తరనికాయంలోని అరియవంససుత్తం చీవరం, భిక్ష, నివాసం విషయాల్లో సంతుష్టిని చెప్పి, ఆ సంతుష్టిని చూపి తనను పొగడుకోవడాన్నీ ఇతరులను కించపరచడాన్నీ నిషేధించింది. నాలుగవదిగా సంతుష్టిని కాక సాధనలో ఆనందాన్ని చేర్చింది. అదే నికాయంలో మరొకచోట బుద్ధుడు కుశలధర్మాల విషయంలో తాను సంతుష్టి చెందకపోవడాన్ని గుణంగా చెప్పుకొన్నాడు. తృప్తి వస్తువులకే పరిమితం, శీలసాధనకు అది వర్తించదు.

శాసనాల ఎదురుసాక్ష్యం

ఇంతవరకు చూసినది గ్రంథసాక్ష్యం. శిలలు వేరే సంగతి చెబుతాయి. గ్రెగరీ షోపెన్ తన ‘బోన్స్, స్టోన్స్ అండ్ బుద్ధిస్ట్ మాంక్స్’ (1997), ‘బుద్ధిస్ట్ మాంక్స్ అండ్ బిజినెస్ మ్యాటర్స్’ (2004) గ్రంథాల్లో శాసనాలనూ మూలసర్వాస్తివాద వినయాన్నీ ముందుంచి, భారతీయ భిక్షువులు ఆస్తులు, అప్పులు, వారసత్వాలు ఎరిగినవారని నిరూపించాడు. నాసిక్‌లో ఉషవదాతుడు వేయించిన శాసనం దీనికి చక్కని ఉదాహరణ. అతడు 3000 కార్షాపణాలను అక్షయనీవిగా ఇచ్చాడు. అందులో 2000 ఒక నేతగాళ్ల శ్రేణి వద్ద నెలకు నూటికి ఒకటి వడ్డీపై ఉంచాడు. ఆ వడ్డీతో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలకు 12 కార్షాపణాల చీవరధనం అందాలి. తెలుగునేలపై నాగార్జునకొండలోనూ భిక్షువులు చెట్లకింద లేరు. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యాన్ని పునరుద్ధరించింది. ఉపాసిక బోధిసిరి తామ్రపర్ణి స్థవిరుల కోసం చుళధమ్మగిరిపై చైత్యగృహాన్ని కట్టించి, ఇతర స్థలాల్లోనూ మండపం, తటాకం వంటివి ఏర్పరచింది.

దీనిని బట్టి వినయకథలు కేవలం ఆదర్శాలని తోసిపుచ్చడం తొందరపాటు అవుతుంది. పదేపదే నియమాలు చేయవలసి వచ్చిందంటే పదేపదే అతిక్రమణ జరిగిందనే అర్థం. పరినిర్వాణం తరువాత సుమారు నూరేళ్లకు వైశాలిలో భిక్షువులు కంచుపాత్రలో నీళ్లు పోసి, అందులో నాణేలు వేయమని ఉపాసకులను అడిగారు. తన వంతు పుచ్చుకోనన్న యశస్థవిరునిపైనే సంఘం చర్యకు దిగింది. రెండవ సంగీతికి దారితీసిన వివాదాంశాల్లో ఇదొకటి. తృప్తి అనేది ఆ సంఘంలో ఎప్పుడూ తెగని తగాదా.

అక్షయనీవి తెచ్చిన మార్పు డబ్బుకు మాత్రమే సంబంధించినది కాదు. భిక్షాపాత్రతో గడప ముందు నిలిచినవానికి వడ్డించే చేయి కనిపిస్తుంది, ఆ ఇంట్లో కరువుందో లేదో తెలుస్తుంది. శ్రేణి వడ్డీతో చీవరం కొనుక్కొన్నవానికి నేతగాని గొణుగుడు వినిపించదు. వినయకథల చట్రంలో నియమాన్ని పుట్టించేది ఆ గొణుగుడే కనుక, అది వినిపించని చోట కొత్త నిదానకథ పుట్టే అవకాశం లేదు. ఫోన్‌లో ఒక మీట నొక్కి పది నిమిషాల్లో సరుకులు తెప్పించుకొనే నగరవాసి పరిస్థితి ఈ విషయంలో ఆళవి కుటీరవాసికన్నా నాసిక్ గుహావాసికి దగ్గర. అతడు ఎంత తక్కువ కొన్నా, ఎంత ధ్యానం చేసినా, తాను ఎవరికి ఎంత బరువో అతనికి చెప్పేవారు లేరు.

తృప్తి ఎవరికి బోధించాలి?

కుమ్మరి కథలో గమనించవలసిన విషయం మరొకటి ఉంది. బిడ్డలు పస్తులున్నా ఉన్నదానితో సంతుష్టుడవై ఉండమని ఆ కుమ్మరికి ఎవరూ చెప్పలేదు. నియమమంతా భిక్షువులకే. తృప్తి సుగుణమనే బోధను ఉన్నవారు లేనివారికి చేయడం లోకంలో పరిపాటి. చాలీచాలని జీతగానికి, కౌలురైతుకు, ఇంటి కోడలికి ఆ బోధ ఎక్కువగా అందుతుంది. వినయపిటకంలో బాణం దిశ దానికి విరుద్ధం. అంబేద్కర్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ (1957)లో బుద్ధుడు పేదరికాన్ని సుఖస్థితిగా కీర్తించలేదని స్పష్టం చేశాడు. భిక్షువు పరిపూర్ణ మానవుడు కావడానికి ఉన్నాడా, సమాజసేవకుడు కావడానికి ఉన్నాడా అనే ప్రశ్నను ఆ గ్రంథపరిచయంలోనే లేవనెత్తాడు. సుభరత దృష్టితో చూస్తే ఆ ప్రశ్నకు వినయకథల్లోనే కొంత ఆధారం దొరుకుతుంది. అంబేద్కర్ ఆ దారిన వెళ్లలేదు.

గృహస్థులకు బుద్ధుడు చెప్పిన సుఖాల పట్టికలో సంతుష్టి అనే పేరు లేదు. అనాథపిండికునికి చెప్పినవి నాలుగు: న్యాయంగా ఆర్జించిన సంపద ఉండడం, దానిని అనుభవించడం, దానం చేయడం కలిసిన సుఖం, అప్పు లేకపోవడం, నిందలేని నడవడి. వీటిలో సంపద ఉంది, అనుభవం ఉంది. నెలవాయిదాలతో ఇల్లు, కారు, ఫోన్ సమకూర్చుకొన్న నేటి మధ్యతరగతికి సూటిగా తగిలేది మూడవదైన అనృణసుఖం.

ఆ అప్పు భిక్షుజీవనంలోనూ అడ్డమే. ఉపసంపద సమయంలో అభ్యర్థిని అడిగే ప్రశ్నల్లో అప్పులేనివాడవేనా అనేది ఒకటి. మహావగ్గం దానికి కారణమైన కథ చెబుతుంది. ఒక ఋణగ్రస్తుడు పారిపోయి భిక్షువయ్యాడు. అప్పిచ్చినవారు అతణ్ణి గుర్తుపట్టి తీసుకుపోబోయారు. శాక్యపుత్రులైన శ్రమణులను ఎవరూ ఏమీ అనరాదని బింబిసారుని ఆజ్ఞ ఉన్నదని వారిలో కొందరు ఆపారు. జనం గొణిగారు. ఇల్లు, ఆస్తి, చింత అన్నీ వదిలి చీవరం కట్టినవాడు భిక్షుసంఘంలో ప్రశాంతంగా ఉండి ఉండవచ్చు. ఆ ప్రశాంతతకు వెల చెల్లించినవాడు మాత్రం అతడు కాదు, బజారులో మిగిలిపోయిన ఋణదాత. అప్పు ఉన్నవానికి ప్రవ్రజ్య ఇవ్వరాదన్న నియమం ఆ రోజు పుట్టింది.